ఖాళీ నోరు

జూన్ 5, గురువారం

ఆటోలో పక్కన కూర్చున్న ముసలావిడ, ముక్కూ మొహం తెలీని మనిషి, నా మోచెయ్యి పొడిచి, "ఏటమ్మా, ఒక్కర్తివే నమిలేత్తన్నావు. నాకూ కూసింత ఆకు పెట్టమ్మా" అంది. నా దగ్గర ఆకూ లేదు, వక్కా లేదు. నోట్లో ఏమీ లేదంటే నమ్మదు. కాశీబుగ్గ దాకా నా నోటి వంకే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు, "పెట్టకపోతే మానె, అబద్దాలెందుకమ్మా" అని మరీ దిగింది. పొద్దున్నే లేని కిళ్లీ ఒకటి నా నెత్తిన పడింది.

ఏమైంది ఈ జనానికి? పోయిన నెల కవిటి పెళ్లిలో ఇంకా భోజనాల విస్తళ్లు వెయ్యకుండానే మా ఆడపడుచు "అప్పుడే ఏటి తినేత్తన్నావొదినా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకో తెలీకుండానే.

దవడ పన్ను ఒకటి పుచ్చింది. నాలుక ఊరికే దాని మీదికి పోతుంది. అంతే సంగతి. పీకించుకోవాలి.

జూన్ 8, ఆదివారం

మా ఆయన మూలపేట నుంచి వస్తూ మందుల షాపులో నా ఇంజక్షన్ తెచ్చాడు. పోర్టు పనిలో టిప్పరు తోలి తోలి నడుం పట్టేసిందని తనకో నొప్పి మాత్రల అట్ట కూడా తెచ్చుకున్నాడు. ఇంజక్షన్‌కి అదే పాత చీటీ జిరాక్సు. మడతల్లో చిరిగి డాక్టరమ్మ పేరు సగం పోయింది. మందు పేరు దేవుడి దయ వల్ల మిగిలింది. ఊళ్లో ఆర్‌ఎంపీ వచ్చి పొడిచి, టీ తాగి వెళ్లాడు.

మా అమ్మాయి తనూజకి నడకొచ్చిన ఏడు మొదలైన మందు ఇది. తనూజ ఇప్పుడు టెక్కలిలో డిగ్రీ చదువుతోంది.

వేసిన రెండు మూడు రోజులూ కాళ్లు నా మాట వినవు. కూర్చోలేను, నిలబడలేను, పడుకోలేను. కొబ్బరితోటలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ ఉంటాను. అత్త అరుగు మీద కూర్చుని పొరుగావిడతో, "మా కోడలికి బత్తి ఎక్కువమ్మా. తిరిగినంతసేపూ నోట్లో రామనామం ఆడతానే ఉంటాది" అంటోంది. ప్రదక్షిణలట, కొబ్బరిచెట్లకి! నేను కాళ్లతో చస్తుంటే ఈవిడకి భక్తి కనిపించింది. రామనామం ఎక్కడి నుంచి తెచ్చిందో మరి. ఆవిడకి చూపు కూడా తగ్గినట్టుంది.

ఎప్పుడో ఒకసారి డాక్టరమ్మ "ఇది పాత రకం మందు, కొత్త మాత్రలకి మారుద్దాం" అంది. మా ఆయన రెండు చేతులూ జోడించి, "మాత్రలొద్దమ్మా, మాది ఉద్దానం" అన్నాడు. ఇక్కడ ఇంటికో కిడ్నీ రోగి, మాత్ర మింగితే కిడ్నీ పోయినట్టే. కిడ్నీ అంటే మా బావగారు. డయాలసిస్‌కి తిరిగి తిరిగి ఆ మనిషి ఎలా అయిపోయాడో అందరం చూశాం. ఇంజక్షనైతే కండలోకి పోతుంది, కిడ్నీ జోలికి రాదు. ఇది మా ఇంటి వైద్యశాస్త్రం. అప్పటి నుంచి ఆవిడ దగ్గరికి వెళ్లడమే మానేశాం. చీటీ ఉంది కదా.

జూన్ 9

పనికి వెళ్లలేదు. నిద్ర. దిండంతా చొంగ.

జూన్ 12, గురువారం

జీడి ఫ్యాక్టరీలో మా గ్రేడింగు బల్లల మీద కెమెరాలు పెట్టారు. గుండు పప్పు, బద్ద, ముక్క వేరు చేసే చోట తూకం తగ్గుతోందట. రోజంతా జీడిపప్పు మధ్య కూర్చునేవాళ్లకి జీడిపప్పు తినాలని ఉంటుందనుకోవడం షావుకార్లకే చెల్లింది. ఆ వాసనకి నాకు ఇంట్లో పాయసంలో వేసినా ఏరి పక్కన పెట్టాలనిపిస్తుంది.

నీలవేణి నా ఎదురుగా కూర్చుంటుంది. "సరిగ్గా కూసో వదినా, పైనుంచి సూత్తన్నారు" అంది. నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు గోడలోంచి ఎవరో నన్ను చూస్తున్నారని చెబితే ఆస్పత్రిలో పడుకోబెట్టారు. ఇప్పుడు నిజంగానే చూస్తున్నారు. దీనికి మందు ఎవరికి వెయ్యాలో!

జూన్ 16, సోమవారం

పెన్ను కాగితాన్ని చింపేస్తోంది. కోపం వల్ల.

సూపర్‌వైజరు రవిశంకర్ నా కంటే చాలా చిన్నవాడు, అందుకే గొంతు పెద్దది. బల్ల దగ్గరికి వచ్చి అందరి ముందూ, "గౌరమ్మా, ఏటి తింతన్నావు?" అన్నాడు.

"ఏటీ నేదు బాబూ."

"నోరు తెరు."

తెరిచాను. నలభై దాటిన ఆడదాన్ని, పదిమందిలో చిన్నపిల్లలా నోరు తెరిచాను. పళ్లు చూశాడు, నాలుక చూశాడు, పుచ్చిన దవడ కూడా చూశాడు. "మింగీసినావు" అన్నాడు. ఆఫీసు గదిలోకి పిలిచి టీవీ పెట్టాడు.

అందులో నేను. నీలం చీర, నెత్తిన టోపీ. చేతులు గుండ్లు ఒక పక్కకి, బద్దలు ఒక పక్కకి చకచకా తోసేస్తున్నాయి. నోరు మాత్రం ఎవరిదో. ముడుచుకుంటోంది, సాగుతోంది, దవడ పక్కకి పోతోంది, నాలుక పెదవి మీదికి వచ్చి మళ్లీ లోపలికి పోతోంది. ఆవు నెమరేస్తున్నట్టు ఆగకుండా నములుతోంది. మధ్యలో ఒకసారి చెయ్యి నోటి దగ్గరికి వెళ్లింది. చెమట తుడుచుకున్నానో ఏమో.

"ఇంకేటి సెప్తావు?" అన్నాడు.

ఏం చెప్పను? చూస్తోంది నేనే, నములుతోంది నేనే. నీలవేణి గుమ్మం దగ్గరికి వచ్చి, "మా వదిన పప్పు ముట్టదు సార్" అంది. "ముట్టకుండా గ్రేడింగెలాగ సేత్తాదే?" అన్నాడు వాడు. పెద్ద తెలివి. షావుకారుతో మాట్లాడేదాకా పనిలోకి రావద్దన్నాడు.

ఊళ్లో వాళ్లకి నేను ఇప్పటికీ "ఆ బుర్ర బాగోలేనావిడ". ఆ బల్ల దగ్గర మాత్రం గ్రేడింగు గౌరిని. మందుకి చెయ్యి వణికే రోజున కూడా గుండునీ బద్దనీ నా అంత వేగంగా వేరు చేసేవాళ్లు అక్కడ లేరు. నాకంటూ ఉన్నది ఆ బల్ల ఒక్కటే. దాన్ని కూడా ఈ రోజు లాగేసుకున్నారు.

నేను తినలేదు.

అదే రోజు, సాయంత్రం

అద్దం ముందు కూర్చున్నాను. చాలాసేపు. నోరు కదలడం లేదు. ఒక్కసారి కూడా కదల్లేదు. ఆ టీవీలో ఏదో మాయ చేశారు.

జూన్ 17, మంగళవారం

నేను తినలేదు. తినలేదు కదా?

అప్పుడు కూడా నాకు ఇలాగే గట్టిగా తెలుసు. గోడలో మనిషి ఉన్నాడని ఎంత గట్టిగా తెలుసో, ఇప్పుడు తినలేదని అంతే గట్టిగా తెలుసు. ఆ తెలియడానికీ ఈ తెలియడానికీ తేడా ఏమిటి? ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక పెద్ద డాక్టరు, "రోజూ రాసుకో. మర్నాడు నిన్న రాసింది వేరే ఎవరో రాసినట్టు చదువు" అన్నాడు. ఈ అలవాటు ఆయన పెట్టిందే. నిన్నటిది చదివాను. వేరే ఎవరో రాసి ఉంటే, తినేసి బుకాయిస్తోంది అనుకుంటాను.

పన్ను సంగతి మళ్లీ రాయను. పన్ను కాదు.

జూన్ 18, బుధవారం

తనూజ కాలేజీ నుంచి రాగానే వరండాలో కూర్చోబెట్టాను. దాని ఎదురుగానే నోరు పుక్కిలించాను. "నేను కొబ్బరి కోరుతాను. నువ్వు ఎప్పుడో ఒకప్పుడు, నాకు చెప్పకుండా నా మొహం ఫోన్లో తియ్యి" అన్నాను.

"ఎందుకమ్మా, తెలిసిందే కదా" అంది. అని నాలుక కరుచుకుంది.

"ఏటి తెలిసింది?"

కొబ్బరి కోరాం చేత్తో పట్టుకుని అడిగితే చెప్పింది. నా నోరు అలా ఆడడం అది టెన్త్‌లో ఉన్నప్పటి నుంచీ చూస్తోందట.

"మరి సెప్పొచ్చు గదే!"

"నాన్న వద్దన్నాడు. నువ్వు బాద పడతావని."

బాధ పడతానని! ఊరికి తెలుసు, ఫ్యాక్టరీకి తెలుసు, కవిటిలో మా ఆడపడుచుకి తెలుసు, ఆటోలో ముసలావిడకి తెలుసు. నోరు ఎవరి మొహాన ఉందో ఆ మనిషికి తప్ప అందరికీ తెలుసు. మా అత్తయితే దాన్ని ఏకంగా రామనామం చేసేసింది. నీలవేణికి ఫోన్ చేసి అడిగితే, "నీ అలవాటనుకున్నాం వదినా, అడిగితే ఏటనుకుంతావో అని" అంటుంది. ఎంత మంచివాళ్లో అందరూ. ఈ మంచితనానికి నిప్పు పెట్టాలనిపించింది. నన్ను నాకు చూపించడానికి ఆఖరికి ఒక కెమెరా రావాల్సి వచ్చింది, అది కూడా దొంగని పట్టుకోవడానికి వచ్చిన కెమెరా!

వీడియోలో కొబ్బరి కోరుతున్నంతసేపూ నోరు నములుతూనే ఉంది. పుక్కిలించిన నోరు. ఖాళీ నోరు.

అయితే నేను తినలేదు. ఏడ్చాను. సగం కోపం, సగం కాదు.

తనూజ ఫోన్లో చదివి చెప్పింది: ఇలాంటి పాత మందులు ఏళ్ల తరబడి వాడితే కొందరికి నోరు ఇలా అవుతుందట.

జూన్ 22, ఆదివారం

మా ఆయన చెప్పులు విప్పకముందే మొదలెట్టాను.

"నీకు తెలుసా, తెలీదా మావా?"

"తెలుసు."

"మరెందుకు సెప్పలేదు?"

"నోరే గదేటి ఆడతాది. మడిసి బాగున్నాది గదా అనుకున్నాను."

"ఇంజక్షన్ మానేస్తాను."

సంచి కింద పెట్టేశాడు. "తనూజని సంకనెత్తుకోని నువ్వు సముద్రంకాడికెలిపోయిన రోజు నాను మరిసిపోనేదు గౌరీ. నోరు ఆడితే ఆడనీ. నువ్వు మాతోటి ఉన్నావు, నాకది సాలు."

"నీకు సాలు. నాకు?"

నొప్పి మాత్ర ఒకటి వేసుకుని పడుకున్నాడు.

జూలై 6, ఆదివారం

ఆర్‌ఎంపీ వచ్చాడు. టీ తాగాడు. వెళ్లాడు. వేయించుకోలేదు. ఇంజక్షన్ కిటికీలో ఉంది.

జూలై 13

ఎంత హాయిగా ఉందో రాయలేను. కాళ్లు కాళ్లలా ఉన్నాయి. అన్నం ముందు కూర్చుని అన్నం అయ్యేదాకా కూర్చున్నాను. బుర్ర మీంచి తడి గోనెసంచి తీసేసినట్టుంది. ఈ చీటీ చూసి చూసి ఇన్నేళ్లు ఎలా పొడిపించుకున్నానో, నన్ను తన్నాలి.

నోరు ఇంకా ఎక్కువైందంటోంది తనూజ. మందు ఒంట్లోంచి పోయేటప్పుడు అలాగే ఉంటుంది. పోతోంది కదా, పోనీ.

జూలై 21

నిద్ర తగ్గింది. మంచిదే, బోలెడు పని అవుతోంది. అటక మీద సామానంతా దించి మళ్లీ ఎక్కించాను. మళ్లీ దించాలి.

జూలై 29, మంగళవారం

రవిశంకర్ బండి లాంటి బండి మా వీధిలోంచి పోయింది. కాసేపటికి మళ్లీ పోయింది. మా వీధిలో వాడికేం పని? పప్పు సంగతి వాడికి ఇంకా తేలలేదు. సంధ్యవేళ తోట వెనక ఎర్రదీపం, వెలుగుతూ ఆరుతూ. సెల్ టవర్‌దమ్మా అంది తనూజ. తనూజ ఎందుకలా అంది? ఫోను ఎప్పుడూ దాని చేతిలోనే ఉంటుంది. వీడియో తీసింది కూడా అదే.

జూలై 30

పైన రాసింది చదివాను. వేరే ఎవరో రాసినట్టు చదివాను.

"తనూజ ఎందుకలా అంది." ఈ వాక్యం నాకు తెలుసు. అప్పుడు "అమ్మ ఎందుకలా అంది" అని ఉండేది. పేరు మారింది, అంతే. వీడియో తియ్యమని దాన్ని బతిమాలింది నేనే.

ఆ టవర్ వేసి చాలా ఏళ్లయింది. దానికి ఎర్రదీపం ఎప్పుడూ ఉంది. ఇది రాస్తున్నప్పుడు కూడా లోపల ఎవరో కాదు కాదంటున్నారు. అయినా రాసి పెడుతున్నాను: అది టవర్ దీపమే.

భయమేస్తోంది. అంతకు మించి ఒళ్లు మండుతోంది. మందు వేసుకుంటే నోరు నాది కాదు, మానేస్తే బుర్ర నాది కాదు. రెండింట్లో ఏది వదులుకోవాలో తేల్చుకోమంటే ఎలా? నాకు రెండూ కావాలి.

మా ఆయనకి ఫోన్ చేసి టెక్కలి డాక్టరమ్మ దగ్గరికి పోదామన్నాను. ఎందుకని అడగలేదు. పని మధ్యలోంచి బయల్దేరాడు.

జూలై 31, గురువారం

డాక్టర్ వాణి. చీటీ వంక చూసి సగం పోయిన పేరు తనదేనని ఆవిడే గుర్తుపట్టింది. "ఎన్నేళ్లమ్మా మీరు నాకు కనపడక? ఇది నెలనెలా చూపించుకుంటూ వాడాల్సిన మందు. దీపావళి టపాకాయలా కొనుక్కెళ్లేది కాదు" అంది. తిట్లు తినాల్సిందే, తిన్నాం.

నోరు తెరిచి నాలుక కదపకుండా ఉంచమంది. ఉంచాను. తర్వాత బొటనవేలితో మిగతా వేళ్లని ఒక్కొక్కటే తాకించమంది. వేళ్లు ఆడించానో లేదో నాలుక కప్పలా గెంతడం మొదలెట్టింది. ఈసారి నాకే తెలిసింది. "అద్దంలో చూసుకుంటే మనసు నోటి మీద పెడతారు కాబట్టి కాసేపు ఆగుతుంది. చేతులు పనిలో పడితే ఎక్కువవుతుంది. మీరు కావాలని చేసేది కాదు, మీ తప్పూ కాదు. మందు వల్ల వచ్చింది" అంది. చేతులు పనిలో పడితే! నా పని మొత్తం చేతులతోనే.

"ఇంజక్షన్ ఒక్కసారిగా మానెయ్యడం మాత్రం మీ తప్పే" అని కూడా అంది. కొత్త మాత్రలు కొద్దిగా మొదలుపెట్టి పెంచుతానంది.

మా ఆయన లేచి నిలబడ్డాడు. "మాత్రలంటే కిడ్నీలు..."

"రక్తపరీక్ష చేయించే ఇస్తాను. మీరేమైనా మాత్రలు వాడతారా?"

జేబులోంచి నొప్పి మాత్రల అట్ట తీశాడు. సగం ఖాళీ. "నడుం నొప్పికండి. రోజూ ఒకటో రెండో."

ఆవిడ ఆ అట్టని బల్ల మీద తన వైపు లాక్కుంది. "కిడ్నీలకి భయపడేవాళ్లు ముందు దీనికి భయపడాలి. ఆవిడ మాత్రకి కాదు." ఇన్నేళ్లుగా నన్ను మాత్రల నుంచి కాపాడుతూ ఈ మనిషి మింగినవి తలుచుకుంటే నవ్వాలో తల బాదుకోవాలో తెలీలేదు. ఆయన రక్తం కూడా పరీక్షకి ఇప్పించాను.

"నోరు పూర్తిగా ఆగిపోతుందా?" అన్నాను.

"చెప్పలేనమ్మా. తగ్గొచ్చు. కొందరికి కొంత మిగిలిపోతుంది."

ఆఖర్న, "నేను జీడిపప్పు తినలేదని రాసివ్వండి" అన్నాను. డాక్టరమ్మ పెన్ను మూత తీసింది. "తినలేదని నేనెలా రాస్తాను? మీ నోరు దానంతట అదే కదులుతుందని రాస్తాను" అంది. పోనీ అంతే రాయమన్నాను.

ఆగస్టు 17

దీపం టవర్‌దే. ఈసారి లోపల ఎవరూ కాదనలేదు.

నోరు అలాగే ఉంది. ఇద్దరి రక్తమూ బాగానే ఉందన్నారు.

సెప్టెంబరు 8, సోమవారం

నిన్న నీలవేణి ఫోన్: నేను లేని ఈ రెండు నెలల పైచిలుకూ తూకం తగ్గుతూనే ఉందట. "ఇప్పుడెవలు తింతన్నారని అడిగీసినాను వదినా, ఆడి నోట మాట నేదు" అంది. ఈ రోజు పొద్దున్నే వెళ్లాను.

రవిశంకర్ డాక్టరమ్మ కాగితం చదివాడు. రెండోసారి చదివాడు. "మరి ముందే సెప్పొచ్చు గదమ్మా" అన్నాడు.

నాకే తెలీదురా నాయనా, నీకేం చెప్పను?

"పనిలోకి రా. మాస్కెట్టుకోని ఆ సివరాకరి బల్లకాడ కూసో. కొనేవోళ్లొచ్చి సూసినప్పుడు బాగోదు."

"మాస్కు అందరికీ ఇస్తే నాకూ ఇయ్యి. నా బల్ల కెమెరా కిందున్నాది. అక్కడే కూసుంతాను" అన్నాను. "నలుగుర్లో నా నోరు తెరిపించినావు. ఆ మాట కూడా నలుగుర్లోనే వెనక్కి తీసుకో."

"పోనీలెద్దూ, అయిపోయిందేదో అయిపోయింది" అన్నాడు. వెనక్కి తీసుకోవడం అంటే వాడికి అదేనట. నీలవేణి మాత్రం అందరికీ వినపడేలా, "మా వదిన దొంగ కాదని సూపరైజరు గారు ఒప్పుకున్నారు" అనేసింది. వాడు కాదనలేదు. దాంతోనే సరిపెట్టుకున్నాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

నోరు కొంచెం నెమ్మదించిందట. తనూజ ఇప్పుడు దాచకుండా చెబుతోంది, అడగకపోయినా చెబుతోంది, అదొక గోల. కాళ్లు బాగున్నాయి. కొత్త మాత్రకి ఇంకో చిక్కు: ఆకలి. పొద్దున్న తిన్నది పదింటికే ఏమైపోతుందో తెలీదు. ఇన్నేళ్లూ ఆకలి లేకుండా నమిలాను, ఇప్పుడు ఆకలేసి నమలాలి. డాక్టరమ్మకి చెప్పాలి.

ఈ రోజు పదిన్నర ప్రాంతంలో కడుపు కాలిపోతోంది. నా ముందు గుండ్ల కుప్ప. ఒక మంచి గుండు తీసి, తల పైకెత్తి, కెమెరాకి చూపించి నోట్లో వేసుకున్నాను. తాపీగా నమిలాను. ఇన్నేళ్లలో ఆ బల్ల దగ్గర కూర్చుని తిన్న మొట్టమొదటి పప్పు. బాగుంది. తియ్యగా ఉంది.

నీలవేణి నా వైపు చూసి, మళ్లీ తన పనిలో పడింది. రవిశంకర్ మా బల్ల పక్క నుంచే వెళ్లాడు. నా నోటి వంక చూశాడు. చూసి, పాపం అన్నట్టు మొహం తిప్పుకుని వెళ్లిపోయాడు.

తిననప్పుడు ఊరూవాడా అడిగారు. తినలేదని నా మీద నాకే నమ్మకం లేకుండా చేశారు. ఈ రోజు తిన్నాను. తిన్నానని నాకు తెలుసు. ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.